బొంత ముక్కలకు ఒక దారి

ప్రశ్న: పాత చీరలు, టైలరు దగ్గర తెచ్చిన ముక్కలు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. బొంతలకని నమూనాలూ దాచాను. ఏదీ సమయానికి దొరకదు, ఒక్క బొంతా పూర్తి కాదు. ఎలా సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇబ్బంది గుడ్డ ఎక్కువై వచ్చింది కాదండీ. గుడ్డ ఒకచోట, నమూనా ఇంకోచోట, ఆలోచన మనసులో ఉండిపోవడం వల్ల వచ్చింది. చాలామంది రంగుల వారీగా సర్దుతారు. చూడ్డానికి బాగుంటుంది గానీ ముందు చూడాల్సింది గుడ్డ రకం. కొత్త నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది, పాలిస్టర్ దాదాపు కుంచించుకోదు. రెండూ పక్కపక్కన కుడితే ఉతికాక బొంత ముడతలు పడుతుంది. కాబట్టి నూలు, పట్టు, పాలిస్టర్ విడదీశాకే రంగులు చూడండి. కొత్త నూలు గుడ్డ ఉతికి ఆరాకే పెట్టెలోకి వెళ్లాలి. ముదురు ఎరుపు, నీలం దిగుతాయేమో తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. పాత చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పలచబడ్డ చోట్లు తెలుస్తాయి. వాటిని లోపలి పొరకే వాడండి.

ఇలా విడదీస్తే ఒకే బొంత ముక్కలు మూడు చోట్లకు చెదిరిపోవా అనిపించవచ్చు. నిజమే, అందుకే మొదలుపెట్టిన ప్రతి బొంతకూ ఒక సంచి ఉండాలి. కోసిన ముక్కలు, దారం, అట్ట మీద గీసిన నమూనా, కొలతల చీటీ అన్నీ అందులోనే. కుట్టుకు వదిలే పావు అంగుళం నమూనాలో కలిపారో లేదో తప్పక రాయండి. నెలల తర్వాత తీసినప్పుడు మొదట తప్పేది అక్కడే.

బూజు పట్టిన పట్టుచీర, జరీ ఊడుతున్న చీర ఉంటే కత్తెర వేయకముందే రఫ్ఫు చేసేవారికి చూపించండి. మందపు పొరల మీద మిషను కుట్టు దాటేస్తూ, సూది మార్చినా తీరు మారకపోతే మెకానిక్కును పిలవండి.