తెరకు సరిపడా ఫోటో

సూరత్‌కు బదిలీ అయ్యాక పాండేసర దగ్గరి వడోద్‌లో ఇల్లు తీసుకున్నాను. మా వరుసలో తెలంగాణ నుంచి వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాల్లో పనిచేసే ఒక కుటుంబం ఉంది. కూతురి చదువు కోసం ఆయన ఈమధ్య ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. దాని తెర మీద చనిపోయిన తల్లి ఫోటో పెట్టించుకున్నాడు. ఒక ఆదివారం నన్ను పిలిచి చూపించాడు.

"మా నాయనమ్మ గింత లావు లేకుండె సార్," అంది ఆ అమ్మాయి.

ఆవిడ ముఖం గుమ్మడికాయలా ఉంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'డీటెయిల్స్' చూశాను. పాస్‌పోర్ట్ సైజు ఫోటోను 300 డీపీఐలో స్కాన్ చేస్తే వచ్చే 413×531 పిక్సెళ్లు. తెర 1366×768. సెట్టింగ్స్‌లో ఎవరో 'స్ట్రెచ్' పెట్టారు. అంటే ఫోటో ఎత్తు ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, వెడల్పు మాత్రం మూడు రెట్లు దాటింది. ముఖం లావెక్కక ఏమవుతుంది?

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి, పర్సనలైజ్‌లో బ్యాక్‌గ్రౌండ్‌కు వెళ్తే ఈ ఎంపికలు కనిపిస్తాయి. 'ఫిల్' నిష్పత్తి చెడగొట్టదు గానీ తెర నిండటానికి అంచులు కోసేస్తుంది. నిలువు ఫోటోకు అది పెడితే తలో, గడ్డమో పోతుంది. 'ఫిట్' మొత్తం ఫోటోను చూపించి, పక్కల ఖాళీ వదులుతుంది. నిలువు ఫోటోలకు నా ఓటు దీనికే. ఖాళీకి నలుపో, ముదురు నీలమో ఎంచుకోవచ్చు.

'ఫిట్' పెట్టగానే ముఖం ముఖంలా వచ్చింది, కానీ మసకగా ఉంది. 531 పిక్సెళ్ల ఎత్తును 768కి లాగితే కంప్యూటర్ మధ్యలో చుక్కలు ఊహించి నింపుతుంది తప్ప, లేని కంటి గీతలను తేలేదు. అసలు ఫోటో ఉందా అని అడిగాను. పాస్‌బుక్ తెచ్చాడు. "గిది ఒక్కటే ఉంది సార్," అన్నాడు. బ్రాంచిలో స్కానర్ ఉంది గానీ అది బ్యాంకు పనికి. మా ఇంట్లో ఉన్నదాని మీద 600 డీపీఐలో స్కాన్ చేశాను. ఈసారి 827×1063 వచ్చింది. పెద్దదాన్ని తగ్గించడమే కాబట్టి చీర అంచు కూడా తేలింది.

మన పిల్లలు బ్యాంకు పరీక్షలకు దరఖాస్తు చేసేటప్పుడు జరిగేదీ ఇదే. ఐబీపీఎస్ ఫోటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ ఉండాలంటుంది. 413×531 ఫోటోను నేరుగా ఆ కొలతకు నొక్కితే ముఖం వెడల్పవుతుంది. ముందు పెయింట్‌లో 'క్రాప్'తో 413×475కి కత్తిరించాలి. తర్వాత కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కి, 'మెయింటెయిన్ ఆస్పెక్ట్ రేషియో' టిక్ ఉంచి, వెడల్పు 200 ఇస్తే ఎత్తు దానంతటదే 230 అవుతుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా కొత్త పేరుతో సేవ్ చేయండి. ఒకసారి చిన్నది చేసి దాని మీదే సేవ్ చేస్తే పోయిన పిక్సెళ్లు మళ్లీ రావు. మా అబ్బాయి ఉపనయనం ఫోటోలు కొన్ని నేను అలాగే పోగొట్టుకున్నాను.

కొత్త స్కాన్‌లో ఆవిడ భుజం మీద బ్యాంకు ముద్ర సగం స్పష్టంగా కనిపిస్తోంది. చెరిపేయమంటారా అని అడిగాను.

"ఉండనీ సార్. అమ్మ ఫోటో దిగిందే ఆ ఖాతా కోసం," అన్నాడు.