అసలు, నకలు, హక్కు: కంప్యూటరు ఆటల తాళములపై ఒక పరిశీలన

'అసలు', 'నకలు', 'హక్కు' అను ఈ మూడు మాటలు మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకూ, తెలుగు విద్యార్థులకూ సమానముగా పరిచితమైనవే. నేటి కంప్యూటరు ఆటల ప్రపంచములోని ఒక పెద్ద వివాదము ఈ మూడు మాటల చుట్టూనే తిరుగుతున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము విద్యార్థుల కొరకు ఒక చదరంగపు ఆటను డబ్బు చెల్లించి కొన్నాము. యంత్రము పాడై వేరొకటి తెచ్చుకొనగానే, ఈ ప్రతి పాత యంత్రమునకు మాత్రమే చెందినదని ఆ ఆట మొరాయించినది. అమ్మినవారికి రెండు పర్యాయములు లేఖ వ్రాసినాము; జవాబు రాలేదు. అప్పుడొక విద్యార్థి, "ఊరికే తెచ్చుకున్నవాళ్ళ దగ్గర ఇదే ఆట నడుస్తున్నది సార్, కొన్న మన దగ్గరే నడవడం లేదు" అన్నాడు. నిజాయితీని గురించి పాఠము చెప్పే మాకు ఆ క్షణమున సమాధానము తోచలేదు. ఆ సమాధానమును వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తాళము ఎందుకు వచ్చినది?

చేతివ్రాత గ్రంథమునకు నకలు తీయవలెనన్న నెలల తరబడి శ్రమ అవసరము. కంప్యూటరు ప్రోగ్రామునకు నకలు తీయుట క్షణములలోని పని. పైగా నకలుకూ అసలుకూ భేదమే ఉండదు. ఒక ఆట వెనుక చిత్రకారులు, సంగీతకారులు, గణితజ్ఞులు ఏండ్ల తరబడి చేసిన కృషి ఉన్నది. ఒకడు కొని పదిమందికి పంచితే వారి శ్రమకు ప్రతిఫలమెక్కడిది? 1976లోనే బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ వ్రాసి, ప్రోగ్రాములను కొనక పంచుకొనుటను దొంగతనముగా నిందించినాడు. కనుక తాళము వేయవలెనన్న తలంపు దురాశ వలననే పుట్టినదనుట సరికాదు. శ్రమించినవాని హక్కును ముందుగా అంగీకరించియే మనము ముందుకు సాగవలెను.

తాళముల పరిణామము

తొలినాళ్ళలో ఫ్లాపీ డిస్కుల మీద ఉద్దేశపూర్వకముగా కొన్ని లోపములను కల్పించి, సాధారణ నకలు యంత్రమునకు అవి అందకుండా చేసినారు. తరువాత ఆటతో వచ్చు చిన్న పుస్తకములో ఫలానా పుటలో ఫలానా మాట ఏదని ప్రశ్నించు పద్ధతి వచ్చినది. పుస్తకము పోగొట్టుకొన్నవాడు ఆటను కూడా పోగొట్టుకొన్నట్లే. 1990లో వెలువడిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' అను ఆటతో అట్ట చక్రములిచ్చి, వాటిని త్రిప్పి సంకేతము కనుగొనుమన్నారు.

వీటన్నింటిలో విచిత్రమైనది 'లెన్స్‌లాక్'. 'ఎలైట్' అను ప్రసిద్ధమైన ఆట యొక్క స్పెక్ట్రమ్ ప్రతితో 1985లో ఒక ప్లాస్టిక్ పట్టకము ఇచ్చినారు. తెర మీద చిందరవందరగా కనిపించు రెండు అక్షరములను దాని గుండా చూచి చదవవలెను. టెలివిజను తెర మరీ పెద్దదైనా, మరీ చిన్నదైనా అక్షరములు కుదిరేవి కావు. కొన్ని ప్రతులలో పొరపాటున వేరొక ఆట యొక్క పట్టకము పెట్టి అమ్మినారు. ఆ ప్రతులు కొన్నవారికి తాళపుచెవి ఉన్నను తలుపు తెరువబడలేదు.

సీడీల కాలములో 'సేఫ్‌డిస్క్', 'సెక్యూరామ్' వంటి తాళములు వచ్చినవి. ఇవి అసలైన పళ్ళెము యంత్రములో ఉన్నదో లేదో పరీక్షించేవి. అయితే సేఫ్‌డిస్క్ కంప్యూటరు యొక్క అంతర్భాగములలోనికి చొరబడి పనిచేసేది. భద్రతా కారణముల వలన 2015లో వచ్చిన విండోస్ 10 దానిని అనుమతించలేదు. ఫలితముగా, గీత కూడా పడకుండా భద్రపరచుకొన్న అసలు పళ్ళెములెన్నో కొత్త యంత్రములలో పనికిరానివైనవి.

కొన్నవాని బాధ

ఇంటర్నెట్ వ్యాపించిన తరువాత తాళపుచెవి కొన్నవాని ఇంట కాక, అమ్మినవాని వద్దనే ఉండసాగినది. 2008 సెప్టెంబరులో విడుదలైన 'స్పోర్' అను ఆటను మూడు పర్యాయములు మాత్రమే యంత్రములలో స్థాపించుకొనవచ్చునని షరతు పెట్టినారు. అమెజాన్‌లో కొద్ది రోజులలోనే రెండు వేలకు పైగా అసమ్మతి సమీక్షలు వెల్లువెత్తగా, ఆ మూడును ఐదు చేసినారు. అయితే తాళము తీసిన దొంగ ప్రతులు విడుదలకు ముందే చేతులు మారినవి!

2010లో 'అసాసిన్స్ క్రీడ్ 2' ఆటను ఒంటరిగా ఆడువారు కూడా నిరంతరము ఇంటర్నెట్ సంబంధము కలిగియుండవలెనని నియమించినారు. ఆ మార్చిలో సంస్థ సర్వర్లపై దాడి జరుగగా, డబ్బిచ్చినవారే ఆటకు దూరమైనారు. 2013 మార్చిలో 'సిమ్‌సిటీ' విడుదలైనప్పుడు సర్వర్లు భారము మోయలేక కుప్పకూలినవి. ఇంటర్నెట్ లేకుండా ఆడు సదుపాయమును ఏడాది తరువాత, 2014 మార్చిలో, అదే సంస్థ కల్పించినది.

'ది క్రూ' అను ఆట కథ మరింత విచారకరము. 2014లో వెలువడిన ఈ ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేసినారు. ఒంటరిగా ఆడుకొను భాగము కూడా దానితోనే నిలిచిపోయినది. తత్ఫలితముగా ఐరోపాలో చేపట్టిన పౌర విజ్ఞాపనకు 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకములు చేరినవి. అమ్మిన ఆటను పనికిరానిదిగా చేయరాదనునదే దాని సారాంశము.

ఇచట మనము గ్రహించవలసిన సూక్ష్మమొకటి ఉన్నది. దొంగ ప్రతిని తయారుచేయువాడు మొదట తాళమునే తొలగిస్తాడు. కనుక తాళము యొక్క భారమంతయు డబ్బిచ్చినవాని మీదనే పడుతున్నది. ఇంటి యజమానిని గుమ్మము వద్ద నిలిపి రోజూ సోదా చేయు కావలివాని వంటిది ఈ ఏర్పాటు. దొంగ మాత్రము పెరటి గోడ దూకి పోతున్నాడు.

చట్టము ఏమంటున్నది?

మన దేశపు 1957 కాపీరైటు చట్టములోని 52వ సెక్షను, న్యాయముగా ప్రతిని పొందినవాడు నష్టము నుండి రక్షణ కొరకు ప్రోగ్రామునకు అదనపు నకలు తీసుకొనుటను అనుమతించుచున్నది. 2012 సవరణ ద్వారా చేరిన 65ఏ సెక్షను, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో తాళమును ఛేదించువానికి రెండు సంవత్సరముల వరకు కారాగారము, జరిమానా విధించుచున్నది. 'ఉద్దేశము' అను మాట ఇందులో ముఖ్యము. అయితే నకలు తీయు హక్కు ఉన్నను, తాళము వలన అది సాధ్యము కాకపోవచ్చును. కాగితము మీద ఉన్న హక్కు చేతికి అందదు.

ఇంకొక చిక్కు కూడా కలదు. 'కొనుము' అని చెప్పి అమ్మునది చాలాసార్లు వస్తువు కాదు, వాడుకొను అనుమతి మాత్రమే. మనము కొన్నామనుకొన్నది నిజమునకు కిరాయి వంటిది. 2025 జనవరి 1 నుండి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో అమలులోనికి వచ్చిన చట్టము, ఇట్టి అమ్మకములలో ఇది అనుమతి మాత్రమేనని స్పష్టముగా తెలుపవలెనని శాసించినది.

తాళము లేకుండా అమ్ముట అసాధ్యమా? కానేకాదు. 2008లో ప్రారంభమైన 'గాగ్' అను విక్రయ కేంద్రము తాళములు లేని ఆటలనే అమ్ముతూ వచ్చినది. 2015లో పేరుగాంచిన 'ది విచర్ 3' కూడా అక్కడ తాళము లేకుండానే లభించినది. కొనుగోలుదారుని నమ్మి కూడా వ్యాపారము చేయవచ్చునని ఇది నిరూపించుచున్నది.

మన కర్తవ్యము

ఆ విద్యార్థికి ఇప్పుడు మేము చెప్పగలిగిన సమాధానమిది. నీకు జరిగినది అన్యాయమే. అయితే అమ్మినవాని అన్యాయమునకు, ఆటను నిర్మించినవాని శ్రమను అపహరించుట విరుగుడు కాదు. అట్టి ప్రతి నడుచుచున్నదని సంబరపడుటయు తగదు. దానితో పాటు ఏ వైరసు వచ్చునో ఎవరును పూచీపడరు. కొనుటకు ముందు షరతులు చదువుము; రసీదు భద్రపరచుము; తాళము లేని ప్రతి దొరికినచో దానినే ఎన్నుకొనుము; అన్యాయమును లిఖితపూర్వకముగా ప్రశ్నింపుము. 'స్పోర్' షరతును సడలింపజేసినది కొన్నవారి నిరసనయే.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా మా విన్నపమొకటి. ప్రయోగశాలకూ, గ్రంథాలయమునకూ ప్రోగ్రాములు కొనునప్పుడు మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇంటర్నెట్ లేనప్పుడు ఇది పనిచేయునా? యంత్రము మారినచో మరల స్థాపించుకొనవచ్చునా? అమ్మిన సంస్థ మూతపడినచో మన గతి ఏమి? విద్యార్థుల ఫీజు సొమ్ముతో కొన్న వస్తువు ఒక తెల్లవారుజామున మూగబోకుండుటకు ఈ మూడు ప్రశ్నలు కొంతవరకైనను తోడ్పడును.

అసలుకు విలువ దక్కవలెను. నకలుకు అడ్డు ఉండవలెను. అయితే ఆ అడ్డు, కొన్నవాని హక్కుకు అడ్డు కారాదు.