దెబ్బ తగిలిన 3 గంటలే కీలకం

రోడ్డు ప్రమాదంలో రక్తం బాగా పోతుంటే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ప్రాణం కాపాడగలదు. మన దేశంతో సహా 40 దేశాల్లో, 20 వేల మందికి పైగా క్షతగాత్రులపై జరిగిన క్రాష్-2 పరిశోధన 2010లో ఈ మాట తేల్చింది. అయితే దెబ్బ తగిలిన 3 గంటల్లోపే ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మేలు. ఆలస్యమైతే కీడే జరగొచ్చు.

అందుకే బంధువులు వచ్చేదాకా, డబ్బు సర్దుబాటయ్యేదాకా ఆగకండి.

మీరు చేయాల్సింది:
• వెంటనే 108కి ఫోన్ చేయండి.
• రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.
• ప్రమాదం జరిగిన టైమ్ డాక్టరుకు చెప్పండి.

డబ్బు సంగతి: 2025 కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది.

కేసు భయమా? మంచి మనసుతో సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.