మీటకూ తెరకూ మధ్య: ఆలస్యానికి కారణాలు, నివారణోపాయాలు

రియాద్, జెద్దా, జుబైల్ నగరాలలో పనిచేస్తున్న మన తెలుగువారిలో పలువురు తమ ముందున్న కంప్యూటరు ద్వారా వేల కిలోమీటర్ల దూరంలోని మరొక కంప్యూటరును నడుపుతుంటారు. ఆ దూరపు కంప్యూటరు తరచు ఒక వర్చువల్ మెషీన్, అనగా ఒక పెద్ద యంత్రం తన శక్తిని పంచి ఏర్పరచిన కల్పిత యంత్రం. దాని తెరను మనకు చూపే కిటికీయే కన్సోల్. అందులో మీట నొక్కిన కొంతసేపటికి గాని అక్షరం కనబడకపోవడం, ఒకసారి నొక్కినది నాలుగుసార్లు పడడం అనేకుల అనుభవం. ఇది కేవలం చికాకు కాదు. పాస్‌వర్డ్ పలుమార్లు తప్పితే ఖాతా మూతపడవచ్చు. చెరిపివేత మీట పునరావృతమైతే విలువైన సమాచారం నశించవచ్చు.

రసాయన చర్య అనేక దశలలో జరిగినపుడు దాని వేగాన్ని అత్యంత మందమైన దశ నిర్ణయిస్తుంది. ఇక్కడ కూడ మొదట ఆ దశను గుర్తించాలి.

మొదటి దశ దూరం. గాజు తంతువులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. రియాద్ నుండి హైదరాబాదుకు సరళరేఖలో సుమారు 3,400 కిలోమీటర్లు. కనుక పోయి రావడానికి కనీసం 34 మిల్లీసెకనులు తప్పవు. కేబుళ్లు చుట్టుతిరిగి పోతాయి గనుక వాస్తవంలో ఇంకా ఎక్కువ. 2025 సెప్టెంబరులో జెద్దా సమీపాన ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినపుడు, మధ్యప్రాచ్యం మీదుగా సాగే రాకపోకలలో జాప్యం పెరిగిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అట్టి జాప్యాన్ని మన యంత్రంలోని ఏ సవరణా తొలగించలేదు. ‘పింగ్’ ఆదేశంతో ఈ కాలాన్ని కొలవవచ్చు.

రెండవది ఆతిథ్య యంత్రంపై భారం. పింగ్ కాలం స్వల్పంగా ఉండి, అక్షరం మాత్రం ఆలస్యమైతే మెమొరీ, ప్రాసెసర్ చాలుతున్నవో లేదో పరిశీలించాలి. మూడవది చిత్రం. కన్సోల్ అక్షరాన్ని కాక తెర బొమ్మను పంపుతుంది. తెర పరిమాణం, రంగుల సంఖ్య తగ్గిస్తే భారం తగ్గుతుంది.

ఇక అక్షరాల పునరావృతికి కారణం ఆసక్తికరమైనది. మీట నొక్కడం, వదలడం రెండు వేర్వేరు సందేశాలుగా ప్రయాణిస్తాయి. రెండవది దారిలో ఆలస్యమైతే, మీట ఇంకను నొక్కియే ఉన్నదని కల్పిత యంత్రం భ్రమించి, పావు సెకను నుండి ఒక సెకను లోపల అక్షరాన్ని మళ్లీ మళ్లీ ముద్రిస్తుంది. వీఎంవేర్ వాడేవారు యంత్రాన్ని ఆపి, దాని వీఎంఎక్స్ ఫైలులో ‘కీబోర్డ్.టైప్‌మేటిక్‌మిన్‌డిలే’ విలువను 2000000గా చేర్చితే ఈ నిరీక్షణ 20 లక్షల మైక్రోసెకనులు, అనగా 2 సెకనులు అవుతుంది. పునరావృతి చాలవరకు ఆగిపోతుంది.

అన్నిటికన్న ఉత్తమ మార్గం కన్సోల్‌ను అత్యవసరాలకే పరిమితం చేయడం. లినక్స్ యంత్రాలకు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళితే మీట కదలికలు కాక అక్షరాలే ప్రయాణిస్తాయి; కనుక ఈ భ్రమకు తావుండదు. 2012లో ఎం.ఐ.టి. పరిశోధకులు వెలువరించిన ‘మోష్’ మరొక అడుగు ముందుకు వేసి, అక్షరాన్ని మన తెరపై ముందుగా ఊహించి చూపి, తరువాత సరిచూసుకొంటుంది.

దూరాన్ని మనం తగ్గించలేము. కాని ఆలస్యంలో దూరానిది ఎంత, యంత్రానిది ఎంత అని వేరుచేసి కొలిచినచో, సరిచేయదగిన భాగాన్ని తప్పక సరిచేయగలము.