కణత్వచంలో విద్యుదావేశం: లిపిడ్ల కలయికను మార్చే ఉప్పు

జీవకణాన్ని చుట్టి ఉండే పలచని పొరే కణత్వచం. దీని మందం సుమారు 5 నానోమీటర్లు మాత్రమే. లిపిడ్లు అనే కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరి ఈ పొర ఏర్పడుతుంది. వీటి తలలు నీటివైపు, తోకలు పొర లోపలికి తిరిగి ఉంటాయి.

ఈ పొర గట్టి గోడ కాదు. అందులో అణువులు ద్రవంలా కదులుతూనే ఉంటాయి. అయితే అన్ని లిపిడ్లూ సమంగా కలవవు. నిటారు తోకలున్న సంతృప్త లిపిడ్లు కొలెస్టరాల్‌తో కలిసి గుంపు కడతాయి. వంపు తిరిగిన తోకలున్న అసంతృప్త లిపిడ్లు వేరుగా మిగులుతాయి. అలా చారు మీద నూనె బొట్లలా పొరలో దీవులు ఏర్పడటాన్ని ప్రావస్థా విభజన అంటారు. ఇలాంటి దీవులు తెప్పల్లా ప్రోటీన్లను ఒకచోట చేరుస్తాయని, కణ సంకేతాలకు తోడ్పడతాయని 1997లో కై సైమన్స్, ఎలీనా ఇకోనెన్ ప్రతిపాదించారు.

నిజమైన కణంలో వందల రకాల లిపిడ్లు ఉంటాయి. అందుకే శాస్త్రవేత్తలు మూడు నాలుగు రకాలతోనే నమూనా బుడగలు తయారుచేసి పరిశీలిస్తారు. వాటిలో కలిపిన మెరిసే రంగు ఎక్కువగా అసంతృప్త లిపిడ్ల భాగంలో చేరుతుంది. దాంతో మైక్రోస్కోపులో దీవులు నల్లగా కనిపిస్తాయి. బుడగను వేడి చేస్తే ఒక ఉష్ణోగ్రత దగ్గర అవి కరిగిపోయి పొరంతా ఒక్కటవుతుంది.

ఈ బుడగల్లో కొన్ని తటస్థ లిపిడ్ల స్థానంలో రుణావేశం గలవి చేర్చితే ఏమవుతుంది? ఒకే ఆవేశం ఉన్న తలలు పరస్పరం వికర్షించుకుంటాయి. గుంపు కట్టడం కష్టమవుతుంది. చాలా మిశ్రమాల్లో దీవులు మునుపటికన్నా తక్కువ ఉష్ణోగ్రతకే కరిగిపోతాయి. ఆ నీటిలో ఉప్పు వేస్తే సోడియం అయాన్లు తలల చుట్టూ చేరి ఆవేశాన్ని కప్పేస్తాయి. దీవులు మళ్ళీ కనిపిస్తాయి.

లీటరుకు 1 మిల్లీమోల్ ఉప్పున్న నీటిలో ఆవేశ ప్రభావం సుమారు 10 నానోమీటర్ల వరకు చేరుతుంది. ఆసుపత్రుల్లో ఎక్కించే 0.9 శాతం సెలైన్‌లో అది 0.8 నానోమీటర్లకు పడిపోతుంది. అంటే దాదాపు పక్కనున్న లిపిడ్ వరకే. కాబట్టి ఉప్పులేని నీటిలో వచ్చిన ఫలితాన్ని నేరుగా కణానికి అన్వయించకూడదు. పైగా ఆవేశం సంతృప్త లిపిడ్‌పై ఉందా, అసంతృప్త లిపిడ్‌పై ఉందా అన్నదీ ముఖ్యమే. ఆవేశం వల్ల పెద్ద మార్పు రాని మిశ్రమాలు కూడా ఉన్నాయి.

కణంలో ఈ ఆవేశానికి స్పష్టమైన పని ఉంది. రుణావేశం గల ఫాస్ఫాటిడైల్‌సెరీన్ మామూలుగా త్వచం లోపలి వరుసలో ఉంటుంది. కణం చనిపోయేటప్పుడు అది బయటి వరుసకు వస్తుంది. ఆ గుర్తును చూసి రోగనిరోధక కణాలు దాన్ని తొలగిస్తాయి.

మందుల తయారీలోనూ దీని అవసరం ఉంది. మన దేశంలో కాలా ఆజార్‌కు ఇచ్చే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి బుడగల్లో కొలెస్టరాల్‌తో పాటు రుణావేశం గల లిపిడ్ కూడా ఉంటుంది. మందును పొరలో పట్టి ఉంచడానికి అది తోడ్పడుతుంది. ఆ బుడగలు చివరికి చేరేది ఉప్పదనం ఉన్న రక్తంలోకే. అందుకే లిపిడ్లను ఎంచుకునేటప్పుడు వాటి ఆవేశంతో పాటు చుట్టూ ఉన్న ఉప్పునూ లెక్కలోకి తీసుకోవాలి.