దేనికి రెట్టింపు?

"ఈ మాత్రతో ముప్పు రెట్టింపు!" ఇలాంటి హెడ్డింగ్ కనిపిస్తే ఇప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: దేనికి రెట్టింపు?

ఈ ప్రశ్న నాకు నేర్పింది 1995 అక్టోబరులో బ్రిటన్‌లో జరిగిన సంగతి. మూడో తరం గర్భనిరోధక మాత్రలతో రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని అక్కడి ఔషధ భద్రతా కమిటీ హెచ్చరించింది. పత్రికలూ టీవీలూ ఆ మాటే మోగించాయి. చాలామంది భయపడి మాత్రలు మానేశారు.

అసలు లెక్క చూద్దాం. పాత రకం మాత్రలు వాడే 7,000 మందిలో ఒకరికి వచ్చే సమస్య, కొత్త రకంతో ఇద్దరికి వస్తుంది. వంద శాతం పెరిగిన మాట నిజమే. కానీ పెరిగింది 7,000కి ఒక్కరు! మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయని అంచనా. పైగా గర్భం దాల్చినప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల ముప్పు కన్నా ఎక్కువ.

విలేకరులు అబద్ధం రాయలేదు. హారం వదిలేశారు, అంతే. ల్యాబ్ రికార్డులో యూనిట్ రాయకపోతే మనకి మార్కులు పోతాయి. మరి వార్తలో హారం పోతే?

అందుకే ఆరోగ్య వార్తలో మూడు విషయాలు వెతకండి. ఎంతమందిలో ఎంతమందికి? దేనితో పోల్చారు? పరీక్షించింది మనుషుల మీదా, ఎలుకల మీదా? ఇవి లేకపోతే ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి. డాక్టర్ని అడక్కుండా మాత్ర మాత్రం మానకండి.