ఎండవలన దేశమునకు కలుగు నష్టము

విద్యార్థులారా! మన చంద్రపూరు ఎండలను గూర్చి మీకు వేరుగ చెప్పనక్కరలేదు. 2019 మే నెలాఖరున ఇచ్చట వేడి 48 డిగ్రీలకు చేరువయ్యెను. అట్టి మధ్యాహ్నమున మీరు నీడపట్టున ఉందురు. ఓపెన్‌కాస్టు గనిలో, ఇటుకబట్టీవద్ద, తునికాకు కోయు అడవిలో శ్రమించు పెద్దల మాట యేమి?

శరీరశ్రమవలన దేహమున వేడి పుట్టును. దానికి ఎండవేడి తోడైనపుడు చెమట చాలదు. పని మందగించును, లేనిచో ప్రాణాపాయము కలుగును. కావున విరామము సోమరితనము కాదు, దేహధర్మము. అయినను దినకూలివానికి ఆగిన గంటకు కూలి లేదు. ఈ నష్టము ఏ చిట్టాలోను కానరాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో దీనిని అంచనా వేసినది. శతాబ్దాంతమునకు భూమి వేడి 1.5 డిగ్రీలే పెరుగుననుకొన్నను, 2030 నాటికి భారతదేశము తన పనిగంటలలో నూటికి 5.8 వంతులు కోల్పోవచ్చునట. అది 3 కోట్ల 40 లక్షలమంది పూర్తికాలపు పనికి సమానము.

ఈ లెక్కను చిన్నదిగ చేసి చూతము. వారమునకు 48 గంటలు పనిచేయువానికి ఇది సుమారు 2 గంటల 47 నిమిషములు. ఇది సగటు మాత్రమే. పంకాక్రింద కూర్చుండువానికి తక్కువ, ఎండలో నిలుచువానికి ఎక్కువ. ఇంట కూలి తగ్గిన అంగడిలో కొనుగోలు తగ్గును. అట్లు ఇల్లిల్లు కలిసి దేశాదాయము తగ్గును.

మన ఊర మఱియొక చిక్కు కలదు. ఇచ్చటి 2920 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రము బొగ్గును కాల్చును. అందు వెలువడు బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని పెంచును. ఆ కేంద్రమునకు ఇరయి జలాశయపు నీరే ఆధారము. 2010 వేసవిలో నీరు చాలక కొన్ని యూనిట్లు నిలిచిపోయెను.

బొగ్గే మనకు అన్నము పెట్టుచున్నది. బొగ్గే ఎండను పెంచుచున్నది. గనిపనికై తెలుగునాటినుండి వచ్చిన కుటుంబములు ఇచ్చట పెక్కు గలవు. గనిని నిందించుట మా యుద్దేశము కాదు. మార్పు రావలెను, కాని కార్మికుని కడుపు కొట్టి కాదు. అంతవఱకు తెల్లవాఱుజామున పనివేళలు, నీడ, త్రాగునీరు, విరామకాలపు కూలి అవసరము. ఇవి దానధర్మములు కావు. దేశసంపదను కాపాడు వ్యయములు.

అభ్యాసము: ఈ వేసవిలో ఎండవలన మీ ఇంట పోయిన పనిదినములను వ్రాసియుంచి, దినకూలితో గుణించి చూడుడు. దేశపు నష్టములో మీ ఇంటి వంతు అదియే.